ఒకే పండుకు ఇన్ని పేర్లా? నారింజ, చీనీ, బత్తాయి, కమలా, మోసంబి

తాడిపత్రివాడు

అందరికీ నమస్కారం. మేముండేది నెదర్లాండ్స్‌లో, నైమేఖెన్ అనే ఊళ్లో. ఏప్రిల్ 27న ఇక్కడ రాజుగారి పుట్టినరోజు పండగ. ఆ రోజు వీధిలో ఎటు చూసినా నారింజ రంగే, కుక్కల మెడకు కట్టిన గుడ్డలతో సహా. మా పాపకు ఎనిమిదేళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి, ఆ రంగు గౌను ఇంకా విప్పకుండానే పండు ఒలుచుకుంటూ అడిగింది: "నాన్నా, రంగును ఒరాన్యె అంటారు, పండునేమో సీనాస్‌ఆపెల్ అంటారు. ఇంగ్లీషులో రెండూ ఒకటే కదా, ఇక్కడెందుకు కాదు?"

అప్పుడే తాడిపత్రి నుంచి మా అమ్మ వీడియో కాల్‌లోకి వచ్చింది. "ఏం తింటాండావు బంగారూ?" అని అడిగింది. "నారింజ అవ్వా" అంది పాప. "నారింజ ఏందే, చీనీకాయ కదా అది!" అంది అమ్మ. మా ఆవిడది గుంటూరు. పక్కనుంచి "బత్తాయి అత్తయ్యా" అంది. పాప పండు చేతిలో పట్టుకుని మా ముఖాలు మార్చి మార్చి చూసింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. కనుక్కుని చెబుతానని పాపకు మాటిచ్చాను. ఈ పేర్లన్నీ ఎక్కడివి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

నల్లగొండ రైతుబిడ్డ

అన్నా, మా దిక్కు బత్తాయే అంటరు. మా నాయిన ఆరెకరాలు పెట్టిండు. చెట్టు మీద ఉన్నప్పుడు బత్తాయి, మార్కెట్ల దించినప్పుడు బత్తాయి. అదే కాయ హైదరాబాద్ల జ్యూస్ బండి కాడికి పోయినంక మోసంబి అయితది. కమలా అంటే వేరే పండు. తోలు వదులుగ ఉంటది, చేత్తోని ఊడొస్తది. నాగ్‌పూర్ నుంచి లారీలల్ల వస్తది. సిటీల దాన్ని సంత్రా అంటరు.

నారింజ అని పండ్ల బండి కాడ అడిగినోళ్లను నేనైతే చూడలే. బడి పుస్తకంల చదివిన, అంతే. ఇంకోటి, మోసంబి అనే మాట మొజాంబిక్ నుంచి వచ్చిందని కాలేజీల మా సారు చెప్పిండు. ఆఫ్రికా తూర్పు తీరంల దేశం అది. పోర్చుగీసోళ్ల ఓడలు గోవాకు వచ్చేటప్పుడు అక్కడ ఆగేటియట.

మొక్కలమనిషి

ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యాను. పేర్లలోకి దిగే ముందు పండ్లను విడదీసుకుంటే మంచిది, లేకపోతే చర్చ కలగాపులగం అవుతుంది.

చీనీ, బత్తాయి, మోసంబి, సాత్‌గుడి అని మనం అనేవన్నీ ఒకే జాతి. తోలు గట్టిగా అంటుకుని ఉండే తీపి నారింజ. దాని శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. సైనెన్సిస్ అంటే 'చీనాది' అని అర్థం. తాడిపత్రి అమ్మగారి నోట 'చీనీ' వినగానే నాకు ఆ లాటిన్ మాటే గుర్తొచ్చింది. కమలా, సంత్రా అనేవి వేరే జాతి, ఇంగ్లీషులో మాండరిన్ అంటారు. ఇవి కాక పుల్ల నారింజ ఉంది, కాస్త చేదు కూడా ఉంటుంది. పడమటి దేశాలకు ముందు వెళ్లింది ఆ పులుపుదే, తీపిది కాదు. పేర్ల కథలో ఈ ముక్క చాలా ముఖ్యం, గుర్తుపెట్టుకోండి.

తీపి నారింజ ప్రకృతిలో మొదటినుంచీ ఉన్నది కాదు. పంపర పనసకూ కమలా జాతికీ పుట్టిన సంకరం. నిమ్మజాతి మొత్తానికి పుట్టిల్లు అస్సాం, ఉత్తర బర్మా, చైనాలోని యున్నాన్ కలిసే ఆ హిమాలయ పాదాల ప్రాంతమని 2018లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. మన రాయలసీమ తోటల్లో చీనీ చెట్టు తన వేళ్ల మీద తాను నిలబడదు, చాలావరకు రంగ్‌పూర్ నిమ్మ లేదా జంబేరి మొక్క మీద అంటుకడతారు. ఈ జంబేరి కూడా సంస్కృత జంబీరమే. మా నర్సరీలో అంటుకట్టే కూలీలు ఆ పాత మాటను రోజుకు వందసార్లు పలికేవాళ్లు.

అక్షరమాల

తెలుగు పంతులుగా ముప్పై నాలుగేళ్లు చేశాను. తాడిపత్రి బాబూ, మీ పాప అడిగిన ప్రశ్న చాలా గొప్పది. నాకు తెలిసింది రాస్తాను.

సంస్కృతంలో నారంగం. అది పారశీకంలోకి నారంగ్‌గా వెళ్లింది. అరబ్బీవాళ్లకు 'గ' ధ్వని ఇబ్బంది కాబట్టి నారంజ్ చేసుకున్నారు. ఒక్క ఈ మాటకే ఇలా జరగలేదు. మన వంగ, సంస్కృతంలో వాతింగణం, పారశీకంలో బాదింగాన్, అరబ్బీలో బాదింజాన్. అదే పోర్చుగీసుల నోట బెరింజెలా అయింది, తిరిగి మన దేశానికొచ్చి బ్రింజాల్ అయింది. నారంగ్ నారంజ్ అయినట్టే బాదింగాన్ బాదింజాన్ అయిందన్నమాట. రెండు బుట్టలూ ఒకే తలుపు గుండా దాటాయి.

వెయ్యేళ్ల కిందట అరబ్బులు పుల్ల నారింజను సిసిలీకీ స్పెయిన్‌కూ తీసుకెళ్లారు. స్పానిష్‌లో నరాంహా. వెనిస్‌వాళ్లది నరాంజా. హంగేరీలో నరాంచ్. పోర్చుగీసులో మాత్రం మొదటి 'న' పోయి 'ల' వచ్చింది, లరాంజ. ఈ న-ల మార్పును మనం నిమ్మలో కూడా చూడొచ్చు. నింబూ పారశీకంలో లీమూ అయింది, అక్కణ్నుంచే లైమ్, లెమన్.

ఇక ఆ మొదటి 'న' ఎలా పోయిందో చూడండి. ఇటాలియన్‌లో 'ఒక నారింజ' అనాలంటే 'ఉనా నరాంచా' అనాలి. వినేవాడికి రెండు 'న'లు కలిసిపోయి ఒకటే వినిపిస్తుంది. సంధి తప్పుగా విడదీశారు. న-కారం ముందు మాటకు అంటుకుపోయి, మిగిలింది అరాంచా. బళ్లో పిల్లలు సంధి విడదీయడంలో తప్పు చేస్తే మార్కులు తీసేసేవాణ్ణి. ఇక్కడ దేశాలకు దేశాలు చేసిన తప్పు నిలిచిపోయి భాష అయింది. ఫ్రెంచివాళ్ల 'ఓర్' అంటే బంగారం. బంగారు రంగు పండు కదా, ఆ మాట కూడా కలిసొచ్చి ఓరాంజ్ స్థిరపడింది. ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నారు.

కథలపేటి

మాస్టారూ, నారంగం అసలు నాగరంగమని, ఒక ఏనుగు అడవిలో ఈ పళ్లు తెగ తిని కడుపు పగిలి చచ్చిపోయిందని, అందుకే నాగ పేరు వచ్చిందని ఒక కథ చదివాను. నిజమేనా?

అక్షరమాల

ఏనుగు చచ్చిపోయిందన్నది కల్పన. అయితే కథ అల్లినవాడికి దారం మాత్రం మన దగ్గరే దొరికింది. అమరకోశం వనౌషధి వర్గంలో ఈ చెట్టుకు ఐరావతమని, నాగరంగమని పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఐరావతం ఇంద్రుడి ఏనుగు. నాగమంటే ఏనుగనీ అర్థముంది, పామనీ అర్థముంది. నారంగం అనే మాట సంస్కృతానికి బయటి నుంచి వచ్చినది. బయటి మాట వచ్చినప్పుడు దాన్ని మనకు తెలిసిన ముక్కలుగా మార్చుకోవడం మనుషుల అలవాటు. నారంగాన్ని నాగ, రంగ అని విడదీసుకున్నారు. ఆ తర్వాత ఆ విరుపుకు కథ కావలసి వచ్చింది.

మైలాపూరు వదిన

మాస్టారుగారు బయటి నుంచి అన్నారు గదా, ఆ బయట ఎక్కడో నేను చెబుతాను. మా ఇంట నాలుగు తరాలుగా చెన్నపట్నంలోనే ఉన్నాం. ఇక్కడ నార్తంగాయ అని ఉంది. చక్రాల్లా కోసి ఉప్పులో ఊరేసి ఎండబెడతారు. పెరుగన్నంలోకి అంత బాగుండేది మరొకటి లేదు. జ్వరం వచ్చి నోరు చేదయితే మా అత్తగారు ఒక ముక్క నాలిక మీద పెట్టేవారు. నారత్తై, నారం అని కూడా అంటారు. మలయాళంలో నారకం అంటే చెట్టు. మన తెలుగులో నారదబ్బ ఉండనే ఉంది. ఈ 'నార' దక్షిణాదిదే. ఇక్కణ్నుంచే సంస్కృతం నారంగాన్ని తీసుకుందని చాలామంది భాషావేత్తల మాట.

తమిళంలో నాఱు అంటే వాసన రావడం. తోలు గిచ్చితే ఘుమ్మని వాసన కొట్టే కాయ కాబట్టి 'వాసన కాయ', నాఱు కాయ, నారంగాయ అయిందని ఇక్కడ చెబుతారు. నాకు అదే సబబుగా తోస్తుంది.

అక్షరమాల

వదినగారూ, దక్షిణాది మూలం సంగతిలో మీతో నేను ఏకీభవిస్తున్నాను. వాసన సంగతిలో మాత్రం ఒక చిక్కుంది. వాసన అనే నాఱు-లో ఉన్నది బండి ఱ. నారత్తై, నార్తంగాయల్లో ఉన్నది మామూలు ర. మనం తెలుగులో బండి ఱ-ను వదిలేశాం కాబట్టి మన చెవికి రెండూ ఒకటే. తమిళులు ఈనాటికీ వేరువేరుగా రాస్తారు. ఒకే మాట నుంచి పుట్టి ఉంటే ఆ అక్షరం అక్కడ ఇలా మారేది కాదు. అర్థం ఎంత అందంగా కుదిరినా అక్షరం కుదరకపోతే నేను ఒప్పుకోలేను.

మైలాపూరు వదిన

ఇప్పుడే డబ్బా మీది అచ్చు చూసి వచ్చాను. నార్తంగాయ అని మామూలు ర-తోనే ఉంది. ఇన్నేళ్లుగా వంటింట్లో ఎదురుగా ఉన్న మాట, నేనే చూసుకోలేదు. మీ మాట ఒప్పుకుంటున్నాను మాస్టారూ.

కొచ్చి కాపురం

నారకం మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. పెళ్లయి కొచ్చి వచ్చిన మొదటి వారం. మే నెల ఎండ. బస్టాండు పక్క కొట్టు బోర్డు మీద మలయాళం కూడబలుక్కుని 'నారంగా వెళ్ళం' అని చదివాను. నారంగా అంటే నారింజే కదా, వెళ్ళం అంటే నీళ్లు, నారింజ రసం కాబోలు అనుకుని అడిగాను. కొట్టాయన నా కళ్ల ముందే రెండు నిమ్మకాయలు కోసి, పిండి, ఉప్పు వేసి గ్లాసు చేతికిచ్చాడు. ఇక్కడ నారంగా అంటే నిమ్మకాయ. నారింజకు 'మధుర నారంగా' అనాలి, అంటే తీయని నిమ్మ అన్నట్టు.

అప్పుడు తికమకపడ్డాను గానీ ఇప్పుడు మొక్కలమనిషిగారి మాట చదివాక అర్థమైంది. ఈ మాట పుట్టినప్పుడు తీపి పండుది కాదు, పులుపు కాయది. కేరళవాళ్లు పాత అర్థాన్నే పట్టుకున్నారు. తీపి తర్వాత వచ్చింది కాబట్టి దానికే ముందు ఒక విశేషణం తగిలించారు.

షార్జా జ్యూస్ షాప్

నమస్తే. మాది జగిత్యాల. పదకొండేండ్ల సంది షార్జాల జ్యూస్ షాప్‌ల పనిచేస్తున్న. రోజుకు రెండు మూడు డబ్బాల నారింజలు పిండుత. అరబ్బులు మా కాడ నారంజ్ అని అడగరు. బుర్తుఖాల్ అంటరు. రంగును గూడ బుర్తుఖాలీ అంటరు. ఇరాన్ కస్టమర్లు పొర్తెఖాల్ అంటరు. టర్కీ ఆయన పోర్తకాల్ అంటడు. మా పక్క రూంల ఇథియోపియా డ్రైవర్ ఉంటడు, ఆయన బిర్తుకాన్ అంటడు. అందరిది ఒకటే మాట లెక్క ఇనిపిస్తది.

మా షాప్‌కొచ్చే ఇరాన్ ముసలాయన్ని అడిగిన, మీ దాంట్ల నారంజ్ లేదా అని. ఉంది, కాని అది పుల్లది, చాపల మీద పిండుకుంటం, తాగేది పొర్తెఖాల్ అన్నడు. నాకప్పుడు సమజ్ కాలే. ఈడ చదివినంక అయింది. ఈ పొర్తెఖాల్ అంటే ఏందో మాస్టరు చెప్పాలె.

అక్షరమాల

తమ్ముడూ, మీ దుకాణంలో పదకొండేళ్లలో విన్నది చాలామంది పుస్తకాల్లో కూడా చూడలేదు. పొర్తెఖాల్ అంటే పోర్చుగల్. పుల్ల నారింజ అరబ్బులతో ముందు వెళ్లింది. తీపి నారింజను 15వ శతాబ్దం చివరి నుంచి, 16వ శతాబ్దంలోనూ మధ్యధరా సముద్రం చుట్టూ బాగా వ్యాపింపజేసింది పోర్చుగీసు వర్తకులు. అప్పటికే ఇరాన్‌లో, అరబ్బు దేశాల్లో నారంజ్ అనే పేరు పుల్ల కాయకు అంటుకుపోయి ఉంది. కొత్తగా వచ్చిన తీపిదాన్ని తెచ్చినవాళ్ల పేరుతో పిలిచారు. గ్రీకులో పోర్తోకాలి, రుమేనియాలో పోర్తోకాలా, బల్గేరియాలో పోర్తోకాల్. పోర్చుగల్ దేశంలో మాత్రం దాని పేరు లరాంజయే. తమ దేశం పేరే ఇంత దూరాన పండుగా మారిందని అక్కడి సంతలో బేరమాడేవాళ్లకు తట్టనైనా తట్టదు.

డచ్చివాళ్లు ఇంకో దారి పట్టారు. వాళ్లకు అది చీనా నుంచి వచ్చిన పండు. సీనా అంటే చీనా, ఆపెల్ అంటే ఆపిల్. సీనాస్‌ఆపెల్ అంటే 'చీనా ఆపిల్'. జర్మన్‌లో ఆప్ఫెల్‌సీనె, స్వీడన్‌లో అపెల్‌సీన్, రష్యాలో అపెల్సిన్. తాడిపత్రి బాబూ, మీ అమ్మగారి చీనీకాయ, మీ పాప బళ్లో నేర్చుకున్న సీనాస్‌ఆపెల్ ఒకటే మాట.

ఎడిసన్ పద్మ

చీనీ చదవగానే రాయకుండా ఉండలేకపోయాను. మాది కడప జిల్లా, ఇప్పుడు న్యూజెర్సీ. మా ఆఫీసులో ప్యూర్టో రికో ఆవిడ ఒకావిడ ఉంది. స్పానిష్ మాట్లాడుతుంది. తక్కిన స్పానిష్‌వాళ్లందరూ నరాంహా అంటుంటే ఈవిడ ఒక్కతే 'హూగో దె చీనా' అంటుంది. చీనా రసం! వాళ్ల దీవిలో నారింజ పేరే చీనా. మొదటిసారి విన్నప్పుడు నేను కుర్చీ తిప్పి ఆవిడ వైపు చూసి, "మా ఊళ్లో కూడా అంతే" అన్నాను. నమ్మలేదు. మా అమ్మకు ఫోన్ కలిపి, తోటలో ఏముందో చెప్పమన్నాను. "చీనీ చెట్లు, ఇంకేముంటాయి" అంది అమ్మ. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు, ఆ ఒక్క మాట మాత్రం పట్టుకుంది.

అల్జీరియాలో కూడా చీనా అనే అంటారట.

నల్లగొండ రైతుబిడ్డ

అయితే మరి మన నారింజల 'జ' ఎట్ల వచ్చింది మాస్టారూ? సంస్కృతంల నారంగం అంటే 'గ' ఉంది కదా. మనం సక్కగ దాన్నే తీసుకుంటే నారంగ కావాలె.

అక్షరమాల

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. నారంగం తత్సమంగా కావ్యాల్లో ఉంది, 'గ'తోనే ఉంది. వాడుకలో ఉన్న నారింజలో మాత్రం 'జ'. నేను దీన్ని తిరుగు టపా అంటాను. దక్షిణాది నారం సంస్కృతంలో నారంగమై, పారశీకంలో నారంగ్ అయి, అరబ్బీలో 'గ' పోగొట్టుకుని నారంజ్ అయి, ఆ నారంజ్ పారశీకంలోకి మళ్లీ వచ్చి, దక్కను సుల్తానుల కాలంలో పారశీకం రాజభాషగా మన ఊళ్లలో తిరిగినప్పుడు మన నోటికి చేరింది. ఆ 'జ' అరబ్బీ ఊరి ముద్ర. బ్రౌను నిఘంటువు నాటికే నారింజ తెలుగు మాటగా స్థిరపడి ఉంది.

మొక్కలమనిషి

మాస్టారూ, తెలుగులోనే గ, జ అయి ఉండొచ్చు కదా? కన్నడ కివి మనకు చెవి అయింది. అలాగే హిందీ నారంగీ మన నోట్లో నారంజి అయి ఉండదా?

అక్షరమాల

మంచి అభ్యంతరం. కివి చెవి అయిన మార్పు చాలా పాతకాలంది, అది జరిగి ఆగిపోయింది. తర్వాత మనకొచ్చిన కిటికీ చిటికీ కాలేదు, గిరాకీ జిరాకీ కాలేదు. పైగా ఆ మార్పు మాట మొదటి అక్షరానికి జరిగేది, ఇక్కడ గ ఉన్నది చివర. అందుకే నేను తిరుగు టపా వైపే ఉన్నాను.

తాడిపత్రివాడు

చదువుతుంటే రాత్రి ఒంటిగంటయింది. పండు సంగతి తేలింది. పాప మొదటి సగం ప్రశ్న ఇంకా ఉంది మాస్టారూ. రంగును ఒరాన్యె అని ఎందుకంటారు? రాజుగారికీ ఆ రంగుకూ సంబంధమేంటి?

అక్షరమాల

ఫ్రాన్సు దక్షిణాన ఓరాంజ్ అనే పట్నం ఉంది. రోమనుల కాలంలో దాని పేరు అరౌసియో, పండుతో ఏ సంబంధమూ లేదు, అక్కడి జలదేవత పేరు. వందల ఏళ్లు నోళ్లలో నలిగి ఆ పేరూ పండు పేరూ ఒకేలా అయిపోయాయి. నాసౌ వంశపు విలియం అనే పిల్లవాడికి 1544లో, పదకొండేళ్ల వయసులో, ఆ సంస్థానం వారసత్వంగా వచ్చింది. పెద్దయ్యాక స్పెయిన్ మీద డచ్చివాళ్ల తిరుగుబాటుకు నాయకుడయింది ఆయనే. వంశం పేరు ఒరాన్యె కాబట్టి ఆ రంగు వాళ్ల గుర్తయింది. ఇప్పటి రాజుది కూడా ఆ వంశమే. మీ పాప వేసుకున్న గౌను రంగుకు పేరు పండు ఇచ్చింది, రాజుగారికి పేరు ఊరు ఇచ్చింది. రెండూ శబ్దంలో కలిశాయి.

ఇంగ్లీషులో కూడా ఈ మాటను రంగుకు వాడటం 16వ శతాబ్దం మొదట్లోనే. అంతకు ముందు వాళ్లకు అది పసుపు కలిసిన ఎరుపు, అంతే.

చీరలకొట్టు సుబ్బలక్ష్మి

మాకూ అంతే కదండీ. చీరాలలో మా నాన్నగారి కొట్లో నారింజ రంగు చీర చూపించమని ఎవరూ అడగలేదు. కనకాంబరం రంగు అనేవాళ్లు. కొంచెం ముదురైతే సిందూరం రంగు, సన్యాసులు కట్టేది కాషాయం. మా అమ్మమ్మ మోదుగుపువ్వు రంగు అనేది. కనకాంబరం మాల పక్కన చీర పెట్టి రంగు సరిచూసుకున్న పెళ్లివాళ్లు నాకు తెలుసు. ఇప్పుడు పిల్లలు ఆరెంజ్ అంటున్నారు. నాకు కనకాంబరం అన్న మాట పోవడం ఇష్టం లేదు. ఆ రంగు మనం పూలలో చూసి పేరు పెట్టుకున్నది.

పాప వాళ్లమ్మ

తాడిపత్రివాడి ఇంటి మనిషినే. బత్తాయి గురించి ఎవరూ చెప్పలేదు! మా గుంటూరులో వినాయక చవితికి పాలవెల్లికి బత్తాయి, వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు కడతాం, మధ్యలో పెద్ద పంపర పనస. ఆ రెండు పేర్ల సంగతీ చెప్పండి. పంపర పనస పనసకాయలా ఉండదు కదా, పనస అని ఎందుకన్నారు?

బందరువాసి

అమ్మా, రెండింటికీ జవాబు ఒక్కటే. మీరుండే దేశమే.

పంపర పనసను డచ్చిలో పొంపెల్‌మూస్ అంటారు. తమిళంలో పంబళిమాసు, ఫ్రెంచిలో పాంప్లమూస్. తమిళుల నుంచి డచ్చివాళ్లు తీసుకున్నారా, డచ్చివాళ్ల నుంచి తమిళులు తీసుకున్నారా అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మన వాళ్లకు పొంపెల్‌మూస్ నోరు తిరగలేదు. చివర మూస్ అంటే ఏమిటో తెలియదు, పెద్ద కాయ కాబట్టి తెలిసిన పనస పెట్టుకున్నారు. మాస్టారు నాగరంగం గురించి చెప్పిందే ఇక్కడ మన ఇంట్లో జరిగింది.

బత్తాయి బటావియా. ఇప్పటి జకార్తాకు డచ్చివాళ్లు 1619లో పెట్టిన పేరు. 1942 దాకా అదే పేరు. మా బందరులో 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి కంపెనీ గిడ్డంగి ఉండేది. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు ఆ రాళ్ల మీద చెక్కిన ఓడ బొమ్మల్ని, కవచాల్ని వేళ్లతో తడుముతూ ఆడుకున్నాం. ఇక్కణ్నుంచి అద్దకం బట్టలు ఎక్కించుకుని బటావియా వెళ్లేవాళ్లు, అక్కడ ఆ బట్టలిచ్చి సుగంధద్రవ్యాలు కొనేవాళ్లు. భీమిలి, జగన్నాథపురంలో కూడా వాళ్ల గిడ్డంగులుండేవి. ఉద్యానశాఖ పుస్తకాల్లో తీపి నారింజ రకాల్లో బటావియన్ అన్న పేరు చూడొచ్చు, మొక్కలమనిషిగారికి తెలుసు. కోస్తాలో బత్తాయి, సీమలో చీనీ అని రెండు పేర్లు నిలిచాయి. ఒకటి ఓడ బయల్దేరిన రేవు, రెండోది పండు పుట్టిన దేశం.

ఇంకొక్క మాట. బటావియా కూడా జావా మాట కాదు. రోమనుల కాలంలో రైన్ నది చీలే చోట ఉన్న బటావులనే జాతి పేరు అది. తమ పూర్వీకుల పేరని డచ్చివాళ్లు అక్కడ పెట్టుకున్నారు. ఆ మాటకు 'మంచి లంక' అని అర్థం చెబుతారు. బత్ అంటే మంచి, తర్వాతి ముక్క నీటి మధ్య నేల.

అమలాపురం అబ్బాయి

మంచి లంకా! మా కోనసీమలో అన్నీ లంకలే. గోదావరి పాయల మధ్య నేల ఎలా ఉంటుందో, దాన్ని మంచిదని ఎందుకంటారో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటా వరద తెచ్చే ఒండ్రు మీద ఏ విత్తనం వేసినా లేస్తుంది. అక్కడి నది మనుషులు కూడా ఆ నేలను అలాగే పిలుచుకున్నారని తెలిసి చాలా సంతోషంగా ఉంది.

అక్షరమాల

మాండరిన్ మిగిలిపోయింది, రెండు ముక్కల్లో చెబుతాను. మన మంత్రి మలయా భాషలో మెంతెరి అయ్యాడు. పోర్చుగీసులు చీనా అధికారుల్ని ఆ మాటతో మందరీం అన్నారు. అది చీనా భాషకూ పేరయింది, చీనా నుంచి వచ్చిన వదులు తోలు పండుకూ పేరయింది. కాబట్టి నల్లగొండ తమ్ముడు చెప్పిన నాగ్‌పూర్ కమలాపండుకు ఇంగ్లీషు పేరు మన మంత్రిగారిదే.

తాడిపత్రివాడు

వారం తర్వాత రాస్తున్నాను. బందరువాసిగారి మాట చదివిన పొద్దున్న నా కాఫీ చల్లారిపోయింది. మా నైమేఖెన్ వాల్ నదికి దక్షిణం ఒడ్డున ఉంటుంది. వాల్ అంటే రైన్ పాయే. వంతెన దాటితే అవతల ఉన్న ప్రాంతం పేరు బేతువె. పండ్లతోటలకు దేశమంతా పేరున్న నేల, ఆపిల్, చెర్రీ, బేరి. ఏడేళ్లుగా ఆ వంతెన మీద సైకిల్ తొక్కుతున్నాను. బేతువె అంటే ఏమిటని ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు చూస్తే అది కూడా ఆ బటావుల పేరే.

శనివారం ముగ్గురం వంతెన దాటి వెళ్లాం. దారి పక్క 'ఓవర్‌బేతువె' అని బోర్డు ఉంది. పాప సంచిలోంచి బత్తాయి తీసి బోర్డుకు ఆనించి పట్టుకుంది, వాళ్లమ్మ ఫోటో తీసింది. ఆపిల్ చెట్లు చివరి పూత మీద ఉన్నాయి. గట్టు కింద గడ్డిలో కూర్చుని అదే పండు ఒలుచుకున్నాం. అక్కణ్నుంచే అమ్మకు వీడియో కాల్ చేసి సీనాస్‌ఆపెల్, చీనీ ఒకటేనని పాప చెప్పింది. అమ్మ అంతా విని, "సరే గానీ, ఆ చీనావోళ్లు దీన్ని ఏమంటారంట?" అంది. ఛెంగ్ అంటారట. చీనా పేరు వాళ్ల మాటలో ఎక్కడా లేదు, పోర్చుగీసుల లరాంజలాగే. అమ్మ ఆ మాట రెండుసార్లు పలికి చూసుకుంది.

వచ్చే గురువారం బళ్లో పాప ఈ పండు గురించి తరగతి ముందు నిలబడి మాట్లాడాలి. దేశాల పటం గీసి పేర్లు రాసుకుంటోంది. తాడిపత్రి దగ్గర చీనీ, గుంటూరు దగ్గర బత్తాయి, కొచ్చి దగ్గర నారంగా అని నిన్ననే రాసింది. షార్జా తమ్ముడూ, ఒక సాయం చేస్తావా? బుర్తుఖాల్ ఎలా పలకాలో నీ గొంతుతో ఒకసారి రికార్డు చేసి పంపు. ఆ 'ఖ' పాపకు కుదరడం లేదు.

షార్జా జ్యూస్ షాప్

తప్పకుండ అన్నా. నా గొంతెందుకు, మా షాప్‌కొచ్చే సూడాన్ పెద్దాయన్ని పట్టుకుని ఆయనతోనే చెప్పిస్త. ఇరాన్ ముసలాయనతోని పొర్తెఖాల్, నారంజ్ రెండు చెప్పిస్త. రేపు సాయంత్రం షిఫ్ట్ కాంగనే పంపుత, పాపకు చెప్పు.